అండమాను వెలుగు – కాంతిమాపకము

అండమాను అనగానే తెలుగువారికి సెల్యులార్ జైలు, కాలాపానీ శిక్ష మనసున మెదలును. కెమెరా పట్టుకొని పోర్టుబ్లెయిరులో దిగినవానికి మాత్రము ముందుగా ఎదురుపడునది వెలుగు. పగడపు ఇసుక మీద మధ్యాహ్నపు ఎండ కన్ను తెరవనీయదు. ఆ ఇసుకను దాటి అడవిలో అడుగుపెట్టిన పట్టపగలే మునిమాపు. ఇటువంటి వానయడవుల నేలమీదికి ఆకాశపు వెలుగులో నూటికి రెండు పాళ్లు చేరుట కూడ గగనమే. అనగా యాభై రెట్ల తేడా. మన కన్ను ఈ తేడాను తనలోతానే సర్దుకొని మనకు తెలియనీయదు. ఫిల్ముకు ఆ దాక్షిణ్యము లేదు.

నిశ్చల చిత్రము తీయువాడు వెలుగు చాలనిచో కెమెరా కన్ను మరికొంత సేపు తెరచి ఉంచగలడు. సినిమాకు ఆ స్వేచ్ఛ లేదు. సెకనుకు 24 చిత్రముల చొప్పున నడచు కెమెరాలో ఒక్కొక్క చిత్రమునకు దక్కు కాలము సెకనులో సుమారు 48వ వంతు. ఇక మార్చదగినవి కటకపు రంధ్రము, ఫిల్ము వేగము, వెలుగును తగ్గించు వడపోత అద్దము. ఎండలో రంధ్రమును 16 అంకెమీద ఉంచినవాడు చెట్ల క్రిందికి రాగానే రమారమి 2 దాక తెరవవలసి వచ్చును. పైగా ఉదయము తీసిన ముక్కను, సాయంకాలము తీసిన ముక్కను కూర్పరి ప్రక్కప్రక్కన అతికించును. అవి ఒకే ఘడియలో జరిగినట్లు ప్రేక్షకుడు నమ్మవలెను. ‘మాయాబజార్’ (1957) లో మార్కస్ బార్ట్లే కురిపించిన వెన్నెలను మన తెలుగువారు నేటికిని నిజపు వెన్నెలగానే తలచుచున్నారు కదా!

ఈ దీవులలో కెమెరాను విస్తారముగా వాడిన తొలితరము వారిలో మారిస్ విడాల్ పోర్ట్‌మన్ ముఖ్యుడు. 1879లో అండమానుకు వచ్చి, అక్కడి ఆదిమజనులపై అధికారిగా ఉండి, 1890 తరువాతి సంవత్సరములలో బ్రిటిష్ మ్యూజియము కొరకు వారి ఛాయాచిత్రములను వందలకొలది తీసినాడు. 1896లో మానవశాస్త్రజ్ఞుల ఉపయోగార్థము ఫొటోగ్రఫీని గూర్చి ఒక వ్యాసమును వ్రాసినాడు. సుందరమైన వెలుగునీడలు ఈ పనికి అక్కరలేదనియు, ఖచ్చితత్వమే కావలెననియు అందులోని సారాంశము. మనుష్యుని వెనుక గళ్ల తెర కట్టి, ఆ గళ్లతో దేహమును కొలచెడి పద్ధతి ఆయనది. వెలుగును కొలచుటకును అదే కాలమున తొలి సాధనములు పుట్టినవి. 1890లో ఇంగ్లండులో ఆల్ఫ్రెడ్ వాట్కిన్స్ రూపొందించిన మాపకములో చిన్న రసాయన కాగితపు ముక్క ఎండకు నల్లబడుచుండును. అది ప్రక్కనున్న నమూనా రంగుకు సరిపోవుటకు పట్టిన క్షణములను లెక్కపెట్టుకొనవలెను. పోర్ట్‌మన్ దేహములను కొలచుచుండగనే ఆ దేహములు రోగములకు లోనై రాలిపోవుచుండెను. 1901 నాటికి గ్రేటు అండమానీయులు ఇంచుమించు ఆరువందల మంది మిగిలినారు. ఖచ్చితత్వమును అంతగా కోరిన ఆ చిత్రములను చూచునపుడు ఈ లెక్కను మరచుట కష్టము.

అరచేతిలో ఇమిడెడి విద్యున్మాపకము 1932లో వెస్టన్ సంస్థ వలన వచ్చినది. వెలుగు సోకినంతనే సెలీనియము పలకలో అల్పమైన విద్యుత్తు పుట్టి ముల్లును కదుపును. బ్యాటరీతో పని లేదు. దీవులలోని తేమ ఆ పలకకు శత్రువు. అయితే అంతకంటె పెద్ద చిక్కు దాని తర్కములోనే ఉన్నది. వస్తువునుండి తిరిగివచ్చు వెలుగును కొలచు ఈ సాధనమునకు లోకమంతయు నడిమితరపు బూడిదరంగే. తెల్లని ఇసుకను చూపిన తగ్గించుమనును, నల్లని ముఖమును చూపిన పెంచుమనును. ఇసుకమీద నిలిచిన నల్లని మనుష్యుని దూరమునుండి కలిపి కొలచినచో, ఇసుక చక్కగా వచ్చి ముఖము మసిబొగ్గుగా మిగులును. కన్ను, చెంప, నవ్వు అన్నియు అందులో కలిసిపోవును. ఆ తప్పును నెగెటివు మీదనో చర్మము మీదనో మోపుట చాలకాలముగా జరిగినది.

దీనికి విరుగుడు డాన్ నార్వుడ్ 1930ల చివర రూపొందించిన మాపకము. దానిపై పింగ్‌పాంగు బంతిలో సగమువంటి తెల్లని గుబ్బ ఉండును. అది వస్తువుమీద పడు వెలుగును కొలచునే కాని, వస్తువు తిరిగి ఇచ్చు వెలుగును కాదు. అందుచేత తెల్లనివాడైనను నల్లనివాడైనను లెక్క ఒక్కటే. ఎవరి రంగు వారికి దక్కును. నా దృష్టిలో సినిమా పనిముట్లలో ఇంత న్యాయబుద్ధి గలది మరియొకటి లేదు. కాని దానికొక నియమము ఉన్నది: కొలచువాడు ఆ మనిషి దగ్గరకు నడచి, ఆయన చెంపప్రక్కన దానిని పట్టి, గుబ్బను కెమెరావైపు త్రిప్పవలెను. అనగా ఆ మనిషి రానీయవలెను. (ఒకే రకపు వెలుగులో నిలిచి దూరమునుండియు కొలవవచ్చును, కాని అడవి అంచున నిలిచినవానికి ఇసుకమీది లెక్క పనికిరాదు.)

1974లో ఫిల్మ్స్ డివిజను పక్షమున ప్రేమ్ వైద్య ‘మ్యాన్ ఇన్ సెర్చ్ ఆఫ్ మ్యాన్’ చిత్రము కొరకు ఉత్తర సెంటినల్ దీవి తీరమునకు బృందముతో వెళ్లినపుడు సమాధానముగా బాణములు వచ్చినవి. ఒకటి దర్శకుని తొడను తాకినది. ఆ తీరమున చెంపప్రక్కన గుబ్బ పట్టుట అను మాటే లేదు. దూరమునుండి కొలచి తీయవలసినదే.

జైలుగోడలనడుమ మరొక తీరు. ‘కాలాపానీ’ (1996) కొరకు సంతోష్ శివన్ సెల్యులార్ జైలులో కెమెరా పెట్టినాడు. ఆ ఛాయాగ్రహణమునకు జాతీయ పురస్కారము లభించినది. 1906లో పూర్తియైన ఆ కట్టడమున ఒక్కొక్క కొట్టుకు ఎత్తున ఒక చిన్న గవాక్షము. వెలుగును పిసినారితనముతో పంచుటకే కట్టినట్లుండును. లోపల ముఖము, బయట వసారామీది ఎండ ఒకే చట్రములో రావలెనన్నచో దేనిని వదులుకొనవలెనో ఛాయాగ్రాహకుడే నిర్ణయించుకొనవలెను. ముల్లు అంకెను చూపగలదు, ఎంపిక చేయలేదు.

నేటి కెమెరాలు తామే కొలచుకొనును. చేతి మాపకమును విడువని ఛాయాగ్రాహకులు ఇప్పటికిని ఉన్నారు. 2012లో జారవా స్త్రీలచేత యాత్రికుల ముందు నాట్యము చేయించిన దృశ్యములు బయటపడినపుడు దేశమంతట కలకలము రేగినది. ఆ యేడాదే 1956 నాటి ఆదిమజాతుల రక్షణ నిబంధనలను సవరించి శిక్షలను కఠినము చేసిరి. అండమాను ట్రంకు రోడ్డుపై జిర్కాటాంగు వద్ద బండ్లు వరుసకట్టి కదలుటకు ముందు, దారిలో ఎక్కడను ఫొటోలు తీయరాదని ప్రయాణికులకు చెప్పుదురు.