పేరుకు ముందు పరీక్ష

బంగినపల్లి టెంకె పాతితే బంగినపల్లే కాస్తుందని ఎవరూ హామీ ఇవ్వరు. సంకర గులాబీదీ అదే తీరు. గింజ వేస్తే ఏ రంగు పూస్తుందో దానిష్టం. తల్లిలాంటి పువ్వే కావాలంటే అంటు కట్టాలి, లేదా కొమ్మ నాటాలి. అందుకే, ఒకే తోటలో ఉన్న కొత్త రకం మీద బాంబు పడిందంటే ఆ రకం ఇక లేనట్టే.

మొదటి ప్రపంచ యుద్ధంలో యూరప్ గులాబీ పెంపకందారులను పట్టుకున్న బెంగ ఇదే. దానికి విరుగుడు ఆలోచించినవాడు ఎక్కడో అమెరికా పడమటి కొసన, ఒరెగాన్ రాష్ట్రంలో ఉన్నాడు. పేరు జెస్సీ కర్రీ (కూర కాదు, ఇంటిపేరే). 'ఒరెగాన్ జర్నల్' ఆదివారం సంచికకు సంపాదకుడు; ప్రాణం మాత్రం గులాబీల మీద. యుద్ధం ముగిసేదాకా ఆ మొక్కలు తన ఊరైన పోర్ట్‌లాండ్‌లో తలదాచుకుంటాయని నగరపాలకుల వెంటపడ్డాడు.

ఆ ఊరికి గులాబీల పిచ్చి కొత్త కాదు. 1905లో పెద్ద ప్రదర్శన జరిగేనాటికే వీధుల వెంట 'మదామ్ కరోలిన్ టెస్టూ' గులాబీలు బారులు తీరి ఉన్నాయి. ఆ టెస్టూ పుట్టింది ఫ్రాన్స్‌లో! పాత బాకీ తీర్చే వేళ వచ్చిందన్నమాట.

అయితే కర్రీ అడిగింది ఒట్టి ధర్మసత్రం కాదు. వచ్చిన మొక్క ఈ నేలకూ ఈ వానలకూ తట్టుకుంటుందా అని చూసే పరీక్షా తోట. అసలు తెలివి ఇక్కడే ఉందంటాను. తలదాచుకోవడం యుద్ధంతో తీరిపోతుంది. పరీక్షకు మాత్రం కొత్త మొక్కలు వస్తూనే ఉంటాయి.

1917లో ఉద్యానవనాల శాఖ సరేనంది. 1918 తొలినాళ్లలోనే ఇంగ్లండ్ నుంచి మొక్కలు దిగసాగాయి. 1919లో మేటి గులాబీకి నగరం బంగారు పతకమిచ్చే ఆనవాయితీ మొదలైంది. 1921లో తోట రూపకల్పన ఫ్లారెన్స్ హోమ్స్ గెర్కీ అనే ఆవిడ చేతికి వచ్చింది. 1924 జూన్‌లో ప్రారంభోత్సవం. కర్రీయే తొలి సంరక్షకుడు, 1927లో పోయేదాకా.

ఇప్పుడు వాషింగ్టన్ పార్కులోని ఆ కొండవాలు మీద అంచెలంచెలుగా సుమారు 10,000 మొక్కలున్నాయి. టికెట్ లేదు. జూన్‌లో వెళితే కళ్లు చాలవు. మబ్బు లేని రోజైతే మంచు కప్పుకున్న హుడ్ పర్వతమూ కనిపిస్తుంది. పరీక్షలో ఉన్న మొక్కల దగ్గర మాత్రం పేరు వెతక్కండి. వాటికింకా అంకెలే.