కూతకెళ్లినవాడి నోరు, క్వార్టర్‌బ్యాక్ మోకాలు

అమెరికన్ ఫుట్‌బాల్ అని ఒక ఆట ఉంది. పేరులో ఫుట్ ఉన్నా కాలితో పెద్దగా పనుండదు. ఆన్‌సైట్ మీద వెళ్లిన మనవాళ్లు మొదటి ఏడాది ఆ ఆటని తిట్టుకుంటారు, రెండో ఏడాది చూడ్డం మొదలెడతారు, మూడో ఏడాదికి జెర్సీ కొనుక్కుంటారు. నేను రెండో ఏడాది దగ్గరే ఆగిపోయి వెనక్కొచ్చేశాను. అయితే ఆ ఆటలో ఎప్పటికీ తెగని తగువు ఒకటి మాత్రం నాతోపాటే విమానమెక్కి వచ్చింది.

క్వార్టర్‌బ్యాక్ అంటే బంతి విసిరేవాడు. టీముకి గుండెకాయ. బంతి విసిరేలోపు అతన్ని పట్టి పడెయ్యడం అవతలి వాళ్ల పని. పడెయ్యొచ్చు గానీ తలకి కొట్టకూడదు, మోకాళ్ల మీద పడకూడదు, బంతి వదిలేశాక ముట్టుకోకూడదు, ఒంటి బరువంతా అతని మీద వెయ్యకూడదు. చేస్తే 15 గజాల జరిమానా. 2022 అక్టోబర్ 9న అట్లాంటా ఆటగాడు గ్రేడీ జారెట్ టామ్ బ్రేడీని పట్టి పక్కకి తిప్పి పడేశాడు. చూసేవాళ్లకి అది మామూలు పట్టే. రిఫరీ జరిమానా వేశాడు. మర్నాడు రాత్రి కాన్సస్ సిటీ ఆటగాడు క్రిస్ జోన్స్ అయితే డెరెక్ కార్ చేతిలోంచి బంతి లాగేసి తన చేతిలోకే తెచ్చుకున్నాడు. అయినా మీద బరువు వేశాడని జరిమానా. దేశమంతా గోల. ఆటని మెత్తగా చేసేశారని సగం మంది, కాళ్లు విరిగితే మీరు జీతమిస్తారా అని మిగతా సగం.

ఆ గోల చూస్తుంటే నాకు పాశమైలారం గుర్తొచ్చింది. నవ్వకండి, సంబంధం ఉంది.

పటాన్‌చెరు దాటి పాశమైలారం పారిశ్రామికవాడలోకి వస్తే షెడ్ల మధ్య అక్కడక్కడా ఖాళీ ప్లాట్లుండేవి. ఆదివారం సాయంత్రాలు అక్కడ చెడుగుడు ఆడేవాళ్లు. చుట్టుపక్కల ఊళ్ల వాళ్లు కొందరు, ఒడిశా వాళ్లు, బీహార్ వాళ్లు, నాందేడ్ వైపు నుంచి వచ్చిన మరాఠీ వాళ్లు. మనవాడు చెడుగుడు చెడుగుడు అంటూ వెళ్తే మరాఠీ కుర్రాడు హుతుతు అంటాడు. ఎవరి ఊళ్లో రూలు వాళ్లది. ఆట అరగంట, రూళ్ల మీద తగువు ముప్పావుగంట.

ఒకరోజు కూతకొచ్చినవాణ్ణి పట్టుకుని, ఊరి కుర్రాడొకడు అరచేత్తో నోరు మూసేశాడు. కూత ఆగింది, ఔటన్నాడు. గట్టు మీద కూర్చున్న ఒక పెద్దాయన లేచి, "అరే, మూతి మూస్తే కూత ఏడికెళ్లి వస్తదిరా? ఇడువు వాన్ని" అని కసిరాడు. కుర్రాడు గొణుక్కుంటూనే వదిలేశాడు. తర్వాత కూతకెళ్లాల్సింది ఆ కుర్రాడే. పోయాడు. అవతలి ఏడుగురూ నవ్వుతూ అరచేతులు చూపించారు. ఎవడూ నోరు మాత్రం ముయ్యలేదు.

ఆ పెద్దాయన ఏ రూల్‌బుక్కూ చదివి ఉండడు. కానీ ఆయన అన్నది రూల్‌బుక్కులోదే. కూతకొచ్చినవాడి నోరు మూసి గానీ గొంతు నొక్కి గానీ కూత ఆపడం ఫౌల్. కాళ్లతో కత్తెర వేసి బిగించడం ఫౌల్. దెబ్బ తగిలేంత మోటుగా పట్టడం ఫౌల్. కాళ్లూ చేతులూ మొండెం తప్ప ఇంకెక్కడా పట్టుకోకూడదు, అంటే జుట్టు పట్టుకుని లాగడాలు కుదరవు. అలా పట్టుకుంటే కూతకొచ్చినవాడు ఔట్ కాడు, పట్టుకున్నవాడే (రూల్‌బుక్కు భాషలో యాంటీ) ఔట్.

ఈ ఆటకి కాగితం మీద రూళ్లు రాయడం మహారాష్ట్రలో 1921 ప్రాంతంలో మొదలైంది. అప్పటికి ఔటైనవాడు మళ్లీ లోపలికొచ్చే సంజీవని పద్ధతి ఒకటి, రాకుండా ఉండే గామిని పద్ధతి ఒకటి, ఔటైనా కోర్టులోనే ఉండి పాయింట్లు మాత్రం లెక్కేసే అమర్ పద్ధతి ఒకటి, ఇలా ఊరికొక తీరు. 1923లో బరోడాలో అఖిల భారత పోటీ పెట్టారు. 1936లో అమరావతి హనుమాన్ వ్యాయామ ప్రసారక్ మండలి వాళ్లు బెర్లిన్ ఒలింపిక్స్ వేళ అక్కడ ఆడి చూపించారు. 1938లో కలకత్తాలో జరిగిన జాతీయ క్రీడల్లోకి ఆట వచ్చింది. 1950లో అఖిల భారత కబడ్డీ ఫెడరేషన్, 1990లో బీజింగ్ ఆసియా క్రీడలు. మిగతాది మీకు తెలిసిందే.

ఆ 1938లోనే, అమెరికాలో ఎన్‌ఎఫ్‌ఎల్ బంతి విసిరేవాణ్ణి మోటుగా కొడితే 15 గజాలు అనే రూలు తెచ్చింది. కాకతాళీయమే అనుకోండి. అక్కడి కథ నిజానికి అంతకుముందే మొదలైంది. 1905లో ఒక్క సీజన్లో 18 మంది ఆటగాళ్లు చనిపోయారని పత్రికలు లెక్కగట్టాయి, ఎక్కువగా కాలేజీ, స్కూలు పిల్లలే. అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్ వాళ్లని వైట్‌హౌస్‌కి పిలిపించి ఆట బాగుచేసుకోమన్నాడు. మరుసటేడు బంతిని ముందుకి విసరడానికి అనుమతిచ్చారు. గుంపుగా కుమ్ముకోవడం తగ్గి ఆట విశాలమవుతుందని ఆశ. అంటే ప్రాణాలు కాపాడ్డానికి పెట్టిన రూలే, తర్వాత తర్వాత ప్రత్యేకంగా కాపాడాల్సిన ఒక మనిషిని తయారుచేసింది!

ఆ తర్వాత వచ్చిన రూళ్లని పక్కపక్కన పెట్టి చూస్తే ఒక వరస కనిపిస్తుంది. 2006 జనవరిలో సిన్సినాటి క్వార్టర్‌బ్యాక్ కార్సన్ పామర్ మోకాలు పోయింది, ఆ ఏడే మోకాళ్ల రూలు బిగించారు. 2008లో టామ్ బ్రేడీ మోకాలు పోయింది, 2009లో నేల మీద పడినవాడు పాకి కాళ్ల మీదకి దూకకూడదన్నారు. 2017లో యారన్ రాడ్జర్స్ కాలర్‌బోన్ విరిగింది, 2018లో ఒంటి బరువు సంగతి గట్టిగా పట్టుకున్నారు. మా ఆఫీసులో ప్రొడక్షన్ పడిపోయాక బగ్గుకి ప్యాచ్ వేసినట్టుంటుంది. అదీ పెద్ద కస్టమర్ ఫోన్ చేస్తేనే.

ప్యాచ్ వేస్తే ఇంకోచోట విరగడం మామూలే కదా. 2018 సెప్టెంబర్‌లో మయామీ ఆటగాడు విలియం హేస్, డెరెక్ కార్‌ని పడేస్తూ, బరువు అతని మీద పడకుండా ఒళ్లు తిప్పుకోబోయాడు. కాలు ఇరుక్కుని మోకాలి లిగమెంట్ తెగింది. ఆ సీజన్ అయిపోయింది అతనికి. అతని పేరు మీద రూలేమీ రాలేదు.

నాకు అర్థమైనంతలో అక్కడి తగువంతా ఇక్కడే ఉంది. రూలు కాపాడేది ఒంటిని కాదు, ఒక పదవిని. క్వార్టర్‌బ్యాక్ జీవితంలో ఎప్పుడూ అవతలివాణ్ణి పట్టి పడెయ్యడానికి వెళ్లడు. పడేసేవాడు ఎప్పుడూ క్వార్టర్‌బ్యాక్ కాడు. అందుకే ఆ రూలు ఒకడికి రక్ష, ఇంకొకడికి జరిమానా. చెడుగుడులో అలా కాదు. ఇప్పుడు నేను కూతకెళ్తే నన్ను నువ్వు పట్టాలి, ముప్పై సెకన్లాగి నువ్వొస్తే నేను పట్టాలి. నోరు ముయ్యకూడదన్న రూలు నీకెంతో నాకూ అంతే. ఆ ఖాళీ ప్లాటులో కుర్రాడు గొణుక్కున్నా వదిలేసింది పెద్దాయన భయంతో కాదనుకుంటా, తర్వాతి కూత తనదే కాబట్టి.

ఆట పక్కన పెట్టి ఒక్క మాట. 2025 జూన్ 30న ఇదే పాశమైలారంలో, మందుల తయారీకి ముడిసరుకు చేసే ఫ్యాక్టరీలో పేలుడు జరిగి 50 మందికి పైగా పోయారు. చాలామంది బయటి రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్లే, మా ప్లాట్లలో ఆడినలాంటివాళ్లే. అప్పటికి ఫ్యాక్టరీల చట్టం 1948 నుంచీ అమల్లో ఉండేది. దాంట్లో రూళ్లకి కొదవలేదు. కాకపోతే రూలు అమలు చెయ్యాల్సినవాడు, చేశామని సంతకం పెట్టేవాడు ఎవడూ మర్నాటి షిఫ్టులో ఆ మిషను పక్కన నిలబడడు. అక్కడ వంతులు మారవు.

సరే, కబడ్డీ కూడా ఎప్పటికీ అలాగే ఉంటుందన్న గ్యారంటీ లేదు. 2014లో ప్రొ కబడ్డీ మొదలైనప్పుడు వేలంలో ఎక్కువ ధర పలికిన రాకేశ్ కుమార్‌కి వచ్చింది 12.80 లక్షలు. 2023లో మన తెలుగు టైటాన్స్ పవన్ సెహ్రావత్‌ని 2.605 కోట్లకి కొనుక్కుంది. (కొనుక్కుని ఏం చేసిందని అడక్కండి. ఆ సీజన్ పట్టికలోనూ ఆఖరి స్థానమే.) ధర ఇంత పెరిగాక, కోట్లు పోసినవాడు రైడర్ ఒంటి గురించి బెంగపడ్డం సహజం. ఇప్పటిదాకా అయితే లీగు వాళ్లు పట్టేవాళ్ల చేతులు కట్టెయ్యకుండా తెలివిగానే నడిపారు. కోర్టులో ముగ్గురో అంతకంటే తక్కువో మిగిలినప్పుడు రైడర్ని పడితే సూపర్ ట్యాకిల్ అని అదనంగా ఇంకో పాయింటిచ్చారు. పట్టేవాడికీ చప్పట్లు దక్కాయి, డబ్బులూ దక్కాయి. ఇరాన్ డిఫెండర్ ఫజల్ అత్రాచలి 2018లోనే కోటి రూపాయలు పలికాడు.

నా భయం వేరే దాని గురించి. 2022 అక్టోబర్‌లో ఇదే పవన్ తమిళ్ తలైవాస్ తరఫున మొదటి మ్యాచ్‌లోనే మోకాలికి దెబ్బ తగిలించుకుని సీజన్ మొత్తానికీ దూరమయ్యాడు. అప్పటికి అతని ధర 2.26 కోట్లు. దెబ్బ తగిలింది కూతకెళ్లినప్పుడు కాదు, వచ్చినవాణ్ణి పట్టబోయినప్పుడు. రైడర్ని కాపాడే రూళ్లలో ఏ ఒక్కటీ అతనికి అక్కరకి రాలేదు. ఇలాంటిది ఇంకో రెండు సార్లు జరిగితే ఏదో ఒక ఫ్రాంచైజీ, మా రైడర్ కూతకే వెళ్తాడు, పట్టడానికి ఇంకొకణ్ణి పెట్టుకుంటాం, సబ్‌స్టిట్యూషన్ రూలు మార్చండి అని అడుగుతుంది. వినడానికి సబబుగానే ఉంటుంది. టీవీ వాళ్లు కూడా ఊఁ అంటారు. ఆ రూలు గనక వస్తే, నోరు మూసిన ఆ కుర్రాడు మళ్లీ కూతకెళ్లనక్కర్లేదు.