ఒకే పీఠం, ముగ్గురు గవర్నర్లు

2025వ సంవత్సరం వేసవిలో అట్లాంటా నగరంలో మా పెద్దబ్బాయి ఇంట మూడు మాసాలు గడిపాను. జూలై నెలాఖరులో ఒక ఆదివారం సాయంత్రం అతని మిత్రులు నలుగురు వచ్చారు. పకోడీలు, టీ అయిన పిమ్మట మాటలు రాజకీయాల మీదికి మళ్ళాయి. 2026 నవంబరు 3న జార్జియా రాష్ట్రానికి కొత్త గవర్నరును ఎన్నుకోవాలి. 2018లోను, 2022లోను గెలిచిన బ్రయన్ కెంప్ వరుసగా మూడవసారి పోటీ చేయడానికి అక్కడి రాజ్యాంగం ఒప్పుకోదు. అటార్నీ జనరల్ క్రిస్ కార్ 2024లోనే బరిలోకి దిగాడు. అట్లాంటా మాజీ మేయరు కీషా లాన్స్ బాటమ్స్ మే నెలలో తన పేరు ప్రకటించింది. లెఫ్టినెంట్ గవర్నరు బర్ట్ జోన్స్ జూలైలో ప్రకటించాడు. ఎవరికి ఏ పార్టీ టిక్కెట్టు దక్కుతుంది, ఎవరి వెనుక ఎంత ధనం ఉంది అని మన ఊళ్ళలో రచ్చబండ దగ్గర జరిగినట్లే వాదం జరిగింది.

నేను మౌనంగా వింటూ కూర్చున్నాను. గవర్నరుకు ఎన్నిక ఏమిటన్న వింత ముందుగా నన్ను పట్టుకుంది. మనకు గవర్నరు అంటే ఢిల్లీనుండి ఒక ఉత్తర్వు. ఉగాదినాడో, సంక్రాంతినాడో రాజభవనంలో కనబడే ఒక పెద్దమనిషి. ఆయన ఎవరవుతారని మనమూ ఊహిస్తాము కాని, ఆ ఊహలో మన ఓటుకు చోటు లేదు. అమెరికాలో గవర్నరే రాష్ట్రానికి కార్యనిర్వాహకాధిపతి. మన ముఖ్యమంత్రి చేసే పనులు చాలావరకు అక్కడ ఆయనవే.

పండితుణ్ణి కనుక ఒక మాట చెప్పకుండా ఉండలేను. గవర్నరు అనే పదానికి మూలం లాటిను ద్వారా గ్రీకు భాషకు పోతుంది. అక్కడ దాని అర్థం ఓడ చుక్కాని పట్టేవాడని. మన కావ్యాలలోని కర్ణధారుడు ఇతడే. కర్ణమంటే చుక్కాని. చుక్కాని పట్టేవాణ్ణి ప్రయాణికులు ఎన్నుకోవాలా, ఓడ యజమాని నియమించాలా అన్నదే ఈ వ్యాసంలోని ప్రశ్న. ఎన్నుకున్నప్పటికీ చుక్కాని క్షేమంగా చేతులు మారుతుందన్న పూచీ ఉందా అన్నది దానికి కొసరు.

మరునాడు మా అబ్బాయి నన్ను శాసనసభా భవనానికి తీసికొని వెళ్ళాడు. డలోనెగా గనుల బంగారు రేకు తొడిగిన గోపురం ఎండలో మెరుస్తోంది. ఆవరణలో యూజీన్ టాల్మడ్జ్ విగ్రహం ఉంది. ఎల్లిస్ ఆర్నల్ విగ్రహమూ ఉంది. ఆ ఇద్దరి కథ తెలిస్తే అభ్యర్థుల గురించిన ఊహాగానం ఎంత దూరం పోగలదో తెలుస్తుంది.

ఆర్నల్ 1942లో టాల్మడ్జ్‌ను ఓడించి గవర్నరయ్యాడు. 1943లో పద్దెనిమిదేళ్ళవారికి ఓటు ఇచ్చాడు. అమెరికాలో ఆ పని చేసిన మొదటి రాష్ట్రం జార్జియాయే. ఓటు వేయడానికి కట్టవలసిన పన్నును 1945లో రద్దు చేయించాడు. అప్పటివరకు డెమోక్రాటిక్ పార్టీ ప్రాథమిక ఎన్నికలో శ్వేతజాతివారే ఓటు వేసేవారు. ఆ పద్ధతి చెల్లదని టెక్సాసుకు సంబంధించిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 1944లో తీర్పు చెప్పింది. 1946 నాటికి ఆ న్యాయం జార్జియాకూ వర్తించింది. వేలాది నల్లజాతివారు ఆ యేడు ప్రాథమిక ఎన్నికలో ఓటు వేశారు. ఆ పాత కట్టుబాటును తిరిగి తెస్తానని వాగ్దానం చేస్తూ టాల్మడ్జ్ మళ్ళీ బరిలోకి దిగాడు.

1946 జూలై 17న జరిగిన ఆ ఎన్నికలో జేమ్స్ కార్మైకేల్‌కు ఓట్లు ఎక్కువ వచ్చాయి. గెలిచినవాడు మాత్రం టాల్మడ్జ్! కారణం కౌంటీ యూనిట్ల పద్ధతి. రాష్ట్రంలోని 159 కౌంటీలలో పెద్దవైన ఎనిమిదింటికి ఆరేసి, తరువాతి ముప్పైకి నాలుగేసి, మిగిలిన 121కి రెండేసి యూనిట్లు. మహానగరమైన అట్లాంటా ఉన్న ఫుల్టన్ కౌంటీకి ఆరు. కొద్ది వేల జనాభా మాత్రమే గల ఎకోల్స్ కౌంటీకి రెండు. అటువంటి మూడు పల్లె కౌంటీలు చేరితే అట్లాంటాకు సరిసమానం. సుప్రీంకోర్టు ఈ పద్ధతిని కొట్టివేయడానికి 1963 వరకు పట్టింది. ఆ ఎన్నిక జరిగిన ఎనిమిది రోజులకు మూర్స్ ఫోర్డ్ వంతెన దగ్గర రెండు నల్లజాతి జంటలను గుంపు కాల్చి చంపింది. ఓటు హక్కు చుట్టూ ఆ వేసవిలో ఎంత విషం రగులుతున్నదో చెప్పడానికే ఈ ప్రస్తావన.

ఆ రోజులలో జార్జియాలో డెమోక్రాటిక్ టిక్కెట్టు వస్తే గవర్నరు అయినట్లే. నవంబరులో టాల్మడ్జ్‌కు బ్యాలెట్టు మీద ప్రత్యర్థి లేడు. కాని ఆయన ఆరోగ్యం క్షీణించిందని ఆప్తులకు తెలుసు. ఆయన గెలిచి, ప్రమాణస్వీకారానికి ముందే మరణిస్తే? వారు రాజ్యాంగం తిరగేశారు. ఎవరికీ అధిక సంఖ్యాక ఓట్లు లేనప్పుడు, ఎక్కువ ఓట్లు వచ్చిన ఇద్దరిలో ఒకరిని శాసనసభ ఎన్నుకోవాలని అందులో ఉంది. ఆ నిబంధన తమకు పనికివస్తుందని తలచి, బ్యాలెట్టు మీద కొడుకు హెర్మన్ పేరు చేతితో వ్రాయవలసిందిగా కొందరు నమ్మకస్థులకు రహస్యంగా చెప్పారు.

వారి ఊహ నిజమైంది. 1946 డిసెంబరు 21న యూజీన్ టాల్మడ్జ్ కన్నుమూశాడు. చేతివ్రాత ఓట్లు లెక్కిస్తే కార్మైకేల్‌కు 669, బవర్స్ అనే మరొకరికి 637, హెర్మన్‌కు 617 వచ్చాయి. మూడవ స్థానంవాడు అర్హుడు కాడు. అంతలో టాల్మడ్జ్‌ల స్వస్థలమైన టెల్ఫేర్ కౌంటీలో లెక్కకు రాని 58 ఓట్లు దొరికాయి! హెర్మన్ సంఖ్య 675కు చేరింది. 1947 జనవరి 15 తెల్లవారుజామున శాసనసభ అతణ్ణి గవర్నరుగా ఎన్నుకుంది.

ఆర్నల్ పదవి అప్పగించడానికి నిరాకరించాడు. హెర్మన్ అనుచరులు గవర్నరు కార్యాలయపు తాళాలు మార్చారు. ఆర్నల్ భవనం నడిమి మండపంలో సమాచార విభాగపు బల్ల దగ్గర కూర్చుని పరిపాలించబూనాడు. ఇంతలో లెఫ్టినెంట్ గవర్నరుగా ఎన్నికైన మెల్విన్ థామ్సన్, ఖాళీ అయిన పీఠం తనదన్నాడు. ఆ పదవి 1945 రాజ్యాంగంతో కొత్తగా పుట్టింది, మొదటిసారి ఎన్నికైనవాడు ఇతడే. థామ్సన్ ప్రమాణం చేయగానే ఆర్నల్ అతనికి అనుకూలంగా రాజీనామా చేశాడు. రాష్ట్ర కార్యదర్శి బెన్ ఫోర్ట్‌సన్ చక్రాల కుర్చీలో తిరిగేవాడు. ప్రభుత్వ ముద్రికను తన కుర్చీలోని మెత్త కింద దాచి, ఎవరికీ చిక్కకుండా కాపాడాడు. శాకుంతలంలో ఉంగరం పోయింది, ఇక్కడ ముద్రిక దాగింది. రెంటి ఫలితమూ ఒకటే: గుర్తు లేనిదే రాజు రాజు కాడు.

1947 మార్చి 19న జార్జియా సుప్రీంకోర్టు థామ్సన్‌దే పీఠమని తీర్పు చెప్పింది. ఆ 58 ఓట్ల సంగతి అట్లాంటా జర్నల్ విలేఖరి జార్జి గుడ్విన్ బయటపెట్టాడు. ఓటు వేసినట్లున్నవారి పేర్లలో కొన్ని అక్షరక్రమంలో ఉన్నాయి. వారిలో చనిపోయినవారు కూడా ఉన్నారు! ఆ పరిశోధనకు 1948లో పులిట్జరు బహుమతి లభించింది. అదే యేడు ప్రజలు హెర్మన్‌నే గవర్నరుగా ఎన్నుకున్నారు. దీనిని ప్రజల క్షమ అనాలో, మరుపు అనాలో నాకు తెలియలేదు.

ఆ 1947లోనే ఇక్కడ మన రాజ్యాంగ పరిషత్తులో గవర్నరు విషయం చర్చకు వచ్చింది. సర్దార్ పటేల్ అధ్యక్షతన గల సంఘం, గవర్నరును వయోజన ఓటుతో ప్రజలే నేరుగా ఎన్నుకోవాలని సిఫారసు చేసింది. జూలైలో పరిషత్తు దానిని అంగీకరించింది కూడా. నేటి పాఠకులలో చాలామంది ఇది విని ఆశ్చర్యపడతారు. రెండేళ్ళకు మనసు మారింది. 1949 మే 30, 31 తేదీలలో రాష్ట్రపతి నియామకమే మేలని నిశ్చయించారు. నెల్లూరు జిల్లాలో పుట్టిన అల్లాడి కృష్ణస్వామి అయ్యరుగారు, నెహ్రూగారు ఈ మార్పును సమర్థించారు. ప్రజలెన్నుకున్న ముఖ్యమంత్రి ఒకవైపు, ప్రజలెన్నుకున్న గవర్నరు మరొకవైపు ఉంటే ఒక ఒరలో రెండు కత్తులవుతాయని వారి భయం.

ఆ భయం న్యాయమైనదే. కాని నియమితుడైన గవర్నరు ఏమి చేయగలడో మనమూ చూశాము. 1984 ఆగస్టు 16న గవర్నరు రామ్‌లాల్ రామారావుగారి ప్రభుత్వాన్ని బర్తరఫ్ చేశారు. అప్పుడు నేను ఉద్యోగంలో కొత్తగా చేరిన కుర్రపండితుణ్ణి. ప్రధానోపాధ్యాయుల గదిలో రేడియో చుట్టూ నిలుచుని విన్నాము. ఛందస్సు పాఠం మధ్యలో ఒక పిల్లవాడు లేచి, "మాస్టారూ, మా నాన్న వేసిన ఓటు ఏమైనట్లు?" అని అడిగాడు. నేను జవాబు చెప్పలేక గణవిభజన వైపు తిరిగాను. సెప్టెంబరు 16న రామారావుగారు తిరిగి ముఖ్యమంత్రి అయ్యారు. నా దగ్గర ఆ పిల్లవాని బాకీ మాత్రం ఉండిపోయింది.

ఇప్పుడు మనవారి పేర్లు అమెరికా పదవులలో వినవస్తున్నాయి. హైదరాబాదులో పుట్టిన అరుణా మిల్లర్ 2023 జనవరిలో మేరీలాండ్ లెఫ్టినెంట్ గవర్నరు అయింది. హైదరాబాదులోనే పుట్టిన గజాలా హష్మీ 2025 నవంబరులో వర్జీనియాలో ఆ పదవికే ఎన్నికయింది. అది అలంకారపు పదవి కాదని థామ్సన్ కథ చెబుతున్నది. చుక్కాని పట్టినవాడు పడిపోయిన క్షణంలో ఓడ ఎవరిదో తేల్చే పదవి అది.

భవనం మెట్లు దిగుతూ ఇదంతా మా అబ్బాయికి చెప్పాను. అప్పటికి అతనికి పౌరసత్వం వచ్చి యేడాదిన్నర అయింది. "ఇంతకూ నీ ఓటు నమోదయిందిరా?" అని అడిగాను.

"ఇంకా లేదు నాన్నగారూ. పని ఒత్తిడిలో..." అన్నాడు.

నిన్న సాయంత్రం గంటన్నర సేపు ఎవరు గెలుస్తారో తేల్చినవాడు ఇతడే! నాకు కోపం రాలేదు, 1984 నాటి పిల్లవాడు గుర్తుకు వచ్చాడు. "నాయనా, ఇక్కడ చచ్చినవాళ్ళు కూడా వరుసగా వచ్చి ఓటు వేశారు. బ్రతికి ఉన్న నీకు తీరిక లేదా?" అన్నాను. అతడు నవ్వాడు. కారులో కూర్చున్నాక, బండి కదిలించకుండా కొంతసేపు ఫోనులో ఏదో నింపాడు. చివరికి తల ఎత్తి, "అయింది నాన్నగారూ" అన్నాడు.

ఎవరికి వేస్తావని నేను అడగలేదు.