జౌ గ్వై

దక్షిణ చైనాలోని గ్వాంగ్జౌలో లైసెన్సు లేకుండా తోపుడు బండి పెట్టుకునేవాళ్లను కాంటనీస్‌లో ‘జౌ గ్వై’ అంటారు. జౌ అంటే పరుగెత్తడం, గ్వై అంటే దెయ్యం. నిజానికి ఇదొక కేక. యూనిఫాం కంటపడగానే బండ్ల వరసలో మొదటివాడు వెనకవాళ్లకు వినపడేలా వేసే కేక.

మాండరిన్‌లో ఈ ‘జౌ’ క్రియకు ఇప్పుడు నడవడమనే అర్థం. ప్రాచీన చీనీలో మాత్రం అర్థం పరుగే. ఆ పాత అర్థాన్ని కాంటనీస్ నేటికీ వదల్లేదు.

మరి దెయ్యం ఎవరు? హాంకాంగ్‌లో చెప్పుకునే వ్యుత్పత్తి ప్రకారం, పోలీసులే. బ్రిటిష్ ఏలుబడిలో తెల్లవాళ్లను ‘గ్వైలో’ అనేవారు. ఆ పోలీసు దళంలో ఇంగ్లీషు అధికారుల కింద పంజాబు నుంచి తీసుకెళ్లిన సిక్కు కానిస్టేబుళ్లూ ఉండేవారు. అంటే ఆ దెయ్యాల్లో మనవాళ్లకూ వాటా ఉంది.

అసలు విశేషం సమాసంలో ఉంది. కాంటనీస్‌లో ‘జౌ నాన్’ అంటే ఆపదనుంచి పారిపోవడం. యుద్ధకాలంలో ఊళ్లు వదిలివెళ్లినవాళ్ల మాట. ఇక్కడ రెండో పదం తరిమేది. ‘జౌ గై’ అంటే చేజారిన అవకాశం. అక్షరాలా అయితే, కోడి పారిపోయింది. ఇక్కడ రెండో పదమే పరుగెత్తేది. ఆ వ్యుత్పత్తి ప్రకారం జౌ గ్వై మొదటి తీరున పుట్టింది: దెయ్యాలొచ్చాయి, పారిపోండి! గ్వాంగ్జౌలో రెండో తీరుకు ఒరిగి, పరుగెత్తేవాళ్లకే పేరైంది. తరిమేవాడి పేరు తరమబడేవాడికి అంటుకుంది. నాకిది అన్యాయంగానే తోస్తుంది.

ఆ పరుగు తేలిక కాదు. బండి మీద ముల్లంగి ముక్కలతో గొడ్డు పేగులు ఉడికే గిన్నె, కింద గ్యాస్ సిలిండర్, పేగులు ముక్కలు చేసే కత్తెర, వెదురు పుల్లల కట్ట. కేక వినపడితే మరిగే పులుసుతో సహా సందులోకి తోయాలి. బండి జప్తయితే పెట్టుబడంతా పోయినట్టే.

ఇప్పుడు గ్వాంగ్జౌలో తరిమేవాళ్లు పోలీసులు కూడా కారు. 1997లో బీజింగ్‌లో మొదలైన ‘చెంగ్వాన్’ దళాలు. నగర నిర్వహణ అనే పొడుగు మాటకు కురచ రూపం అది. 2013 జులైలో హునాన్‌లోని లిన్‌వూలో వాళ్లతో ఘర్షణలో పుచ్చకాయలమ్మే రైతు ఒకరు చనిపోయారు. దేశమంతా మండిపడింది. హాంకాంగ్‌లో 2016 ఫిబ్రవరిలో, చాంద్రమాన సంవత్సరాది రాత్రి, మాంగ్‌కాక్‌లో చేప ఉండలమ్మేవాళ్లపై తనిఖీలతో రేగిన గొడవ తెల్లారేదాకా సాగింది. పోలీసులు గాలిలోకి కాల్పులు జరిపారు. వెనక వేరే రాజకీయాలున్నా, నిప్పు రాజేసింది ఆ తనిఖీలే.

2020లో ప్రధాని లీ కచియాంగ్ వీధి బండ్లను మెచ్చుకున్నారు. గ్వాంగ్జౌకు దగ్గర్లోని షెన్‌జెన్ 2023 సెప్టెంబర్ 1 నుంచి నిర్ణీత స్థలాల్లో వాటికి చోటిచ్చే నిబంధన తెచ్చింది. గీత లోపల నిలబడ్డవాడికి పరుగెత్తే పని లేదు, గీత బయట ఉన్నవాడికి ఆ పాత కేకే దిక్కు. వండి అమ్ముకునే మనిషిని దెయ్యమనే పేరు మాత్రం నిఘంటువులోనే మిగిలిపోవాలి.