రక్తపోటు

జర్మనీలో ఎక్కడైనా రోగి చార్టు మీద ‘ఆర్‌ఆర్ 120/80’ అని కనిపిస్తే కంగారు పడక్కర్లేదు. అది మన బీపీయే. రక్తపోటుకు జర్మన్ మాటైన ‘బ్లూట్‌డ్రుక్’కు ఆ అక్షరాలతో సంబంధం లేదు. 1896లో చేతికి గాలిపట్టీ చుట్టి, పాదరసం గొట్టంతో కొలిచే పద్ధతి చెప్పిన ఇటలీ వైద్యుడు రివా-రొచ్చి పేరులోని పొడి అక్షరాలవి. ఆయన నాడి పట్టుకుని పై అంకె ఒక్కటే చూశాడు. స్టెతస్కోపుతో విని కింది అంకె కూడా పట్టడం 1905లో రష్యన్ వైద్యుడు కొరొత్కోవ్ నేర్పాడు. అయినా పేరు మొదటివాడికే దక్కింది.

వీళ్లిద్దరికంటే ముందు, జర్మనీలోని మార్‌బుర్గ్‌లో 1840లలోనే కార్ల్ లుడ్విగ్ తన శరీరధర్మశాస్త్ర ప్రయోగాల్లో జంతువుల ధమనిలోకి గొట్టం పెట్టి, పాదరసం మీద తేలే పుల్లతో తిరిగే డ్రమ్ముపై రక్తపోటు ఎగుడుదిగుళ్లను గీతలుగా గీయించాడు. ఆ పరికరం పేరు కైమోగ్రాఫ్. గ్రీకులో ‘కైమా’ అంటే అల.

ఆ గ్రీకు తెలిసే మనవాళ్లు రక్తపోటు అన్న పేరు పెట్టారనను గానీ, అందులోని పోటూ సముద్రపు ఆటుపోట్లలోని పోటూ ఒకటే. కత్తిపోటు, తలపోటు, వరద పోటెత్తడం అన్నీ ఆ కుటుంబమే. సంస్కృత రక్తానికి తెలుగు పోటు అతికించిన ఈ సమాసం ‘ఒత్తిడి’ కంటే నయం. గుండె కొట్టుకున్నప్పుడల్లా నెత్తురు ఎగదన్నడం అందులో వినిపిస్తుంది. వాడుకలో మాత్రం బీపీదే రాజ్యం. ‘ఆయనకు బీపీ’ అంటే ఎక్కువుందనే అర్థం. తక్కువైతే ‘లో బీపీ’ అని విడిగా చెప్పాలి. ‘నాకు బీపీ తెప్పించకు’ అన్నప్పుడైతే ఏ పట్టీతోనూ పనిలేదు.