సంగటి ముద్ద, సినిమా ముఖం

కనుమ నాడు అహోబిలంలో పారువేట మొదలవుతుంది. దిగువ అహోబిలం నుంచి స్వామి పల్లకి బయల్దేరి నలభై రోజులకు పైగా, ముప్పైకి పైగా ఊళ్లు తిరుగుతుంది. చెంచులక్ష్మిని వరించిన నరసింహుడు తన పెళ్లికి రమ్మని ఊరూరా పిలవడానికి వేట నెపంతో వస్తాడని ఇక్కడి జనం నమ్మకం. చెంచులు పల్లకి మీదికి బాణాలు వేసి మొక్కుతారు. పేరు వేటే గానీ ఏ జంతువూ చావదు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక నల్లమలలో నిజం వేటకు కూడా చోటు లేకుండా పోయింది. ఆ మార్పులో చెంచుల విల్లంబులు ఏమయ్యాయో చాలామంది రాశారు. వేటతో పాటే పోయిన కుక్క వాటా గురించి రాసినవాళ్లు తక్కువ. చిన్న విషయంలా కనిపించే ఆ వాటాను పట్టుకుని నడిస్తే, సినిమా తార బొమ్మతో ఇవాళ అంగడికి వస్తున్న కుక్క తిండి సంచిని ఎలా తూచాలో కొంత తెలుస్తుంది. కుక్కకు పెట్టేది మంచిదో కాదో ఏ కాలంలో ఎవరు, దేన్ని చూసి తేల్చారన్నదే ఇక్కడి ప్రశ్న.

అడవిలో గడ్డలు తవ్వి, తేనె తీసి, దొరికితే వేటాడి బతికిన చెంచు కుటుంబంలో కుక్క కూడా ఒక పనివాడే. చెంచుల మీద 1943లో పెద్ద గ్రంథం అచ్చేసిన ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ ఎక్కువగా చూసింది కృష్ణకు ఉత్తరాన ఉన్న అమ్రాబాద్ పీఠభూమిని. అయినా కుక్కను వెంటబెట్టుకుని అడవిలోకి పోవడం నదికి ఇటువైపు కూడా ఉన్నదే. వేట పడితే కోసిన చోటే దానికి పేగులో ఎముకలో దక్కేవి. పడకపోతే మనిషితో పాటు అదీ పస్తు. కొండ దిగి మైదానంలోకి వస్తే, ఆళ్లగడ్డ వైపైనా రుద్రవరం వైపైనా, సేద్యగాళ్ల ఇళ్లలో కుక్క తిన్నది ఇంటి తిండే: రాగి సంగటి ముద్దలో మిగిలింది, ఎండిన జొన్న రొట్టె ముక్క, కుండ అడుగున అంటిన మాడు గీకి దాని మీద ఇంత పలుచటి మజ్జిగ. ఆ చిప్పలో ఏముందో పెట్టిన మనిషికి పూర్తిగా తెలుసు. గింజ ఏ చేనిదో, ఎప్పుడు విసిరిన పిండో కూడా తెలుసు. అలాంటి చోట ఫలానావారు మెచ్చిన తిండి అని ఎవరూ చెప్పనక్కర్లేదు. నా వాదనంతా ఈ సంగతి మీదే నిలబడింది. తిండి కళ్లముందు తయారైనన్నాళ్లూ పేరుతో పని పడలేదు. తయారీ కళ్లకు దూరమయ్యాక పేరు వచ్చి నమ్మకాన్ని భర్తీ చేసింది గానీ, పరీక్షను భర్తీ చేయలేదు.

కర్నూలు జిల్లాలో, పత్తికొండ దగ్గరి పందికోనను చూస్తే ఇది ఇంకా తేటగా అర్థమవుతుంది. ఆ ఊరి కుక్కలకున్న పేరు సీమ దాటింది. కాపలాకూ తెగువకూ పేరుమోసిన ఆ కుక్కపిల్లల కోసం పక్క రాష్ట్రాల నుంచి కూడా వస్తారు. వాటికి ప్రచారకర్త ఎవరూ లేరు. 2020 ఆగస్టు ‘మన్ కీ బాత్’లో ప్రధాని దేశీ జాతులను మెచ్చుకుంటూ ముధోల్, రాజపాళయం, చిప్పిపారై వంటి పేర్లు చెప్పారు. అందులో పందికోన లేదు. ఊరికి వచ్చేవాళ్లకు అదేమీ అడ్డు కాలేదు. కొనేవాడు స్వయంగా ఊరికి పోతాడు, తల్లి కుక్కను చూస్తాడు, అది ఏం తిని అంత బలంగా ఉందో అడుగుతాడు. పేరు అక్కడ కూడా ఉంది. కానీ ఆ పేరు కుక్కను చూసి పుట్టింది, కుక్కను చూపించి నిలబడుతోంది.

పేరు గొప్పదైనంత మాత్రాన ఎందుకు అనుమానించాలని అడగొచ్చు. అనుమానించక్కర్లేదు. అహోబిలంలోనే దానికి మంచి ఉదాహరణ ఉంది. శ్రీకృష్ణదేవరాయలు 1515 చివర్లో ఇక్కడికి వచ్చి స్వామికి కానుకలిచ్చినట్టు శాసనం చెబుతోంది. హారం, బంగారు పళ్లెం, వెయ్యి వరాలు అంటూ ఇచ్చినవన్నీ అందులో చెక్కి ఉన్నాయి. దక్షిణాది దేవాలయ శాసనాల్లో ఎక్కువ భాగం ఇంతే. దాత పేరు ఎంత ఘనమైనదైనా, ఆ పక్కనే నైవేద్యానికి బియ్యం ఎంత, నెయ్యి ఎంత, ఏ ఊరి ఆదాయం నుంచి రావాలి అన్నది కొలతతో సహా ఉంటుంది. రాయలంతటివాడి పేరుకే పక్కన చిట్టా అవసరమైంది. ఇప్పటి ప్రకటనలో పేరు పెద్దక్షరాల్లో ఉండి, చిట్టా సంచి వెనక ఆవగింజంత అక్షరాల్లోకి పోయింది.

ఈ మార్పు మన దగ్గర పుట్టింది కాదు. 1860 ప్రాంతంలో లండన్‌లో జేమ్స్ స్ప్రాట్ అనే అమెరికావాడు గోధుమలు, కూరగాయలు, మాంసపు పొడి కలిపి కుక్క బిస్కెట్లు అమ్మాడు. ఆ మాంసం ఎక్కడిదో ఆయన చివరిదాకా బయటపెట్టలేదని చెబుతారు. గొప్పింటి కుక్కలు తింటాయన్నదే దానికి ప్రచారం. ఆ కంపెనీలో పనిచేసిన చార్లెస్ క్రఫ్ట్ పేరు మీదే 1891 నుంచి క్రఫ్ట్స్ కుక్కల ప్రదర్శన నడుస్తోంది. అమెరికాలో 1922లో డబ్బాల్లో గుర్రపు మాంసంతో మొదలైన కెన్‌ఎల్ రేషన్, 1930ల్లో రిన్‌టిన్‌టిన్ అనే సినిమా కుక్క పేరిట వచ్చిన రేడియో కథలకు డబ్బు కట్టింది. కుక్క తిండికి తొలినాళ్ల తారల్లో ఒకటి స్వయంగా కుక్కే కావడం న్యాయంగానే ఉంది, కనీసం అదైనా ఆ జాతిదే కదా. 2008లో టీవీ వంటల రాచెల్ రే పేరుతో న్యూట్రిష్ వచ్చింది. దాని కథ మన ప్రశ్నకు బాగా పనికొస్తుంది. తయారుచేసిన ఐన్స్‌వర్త్ కంపెనీని 2018లో స్మకర్ కొన్నది. 2023లో స్మకర్ దగ్గర నుంచి ఆ బ్రాండ్ పోస్ట్ హోల్డింగ్స్ చేతికి పోయింది. ఆ పదిహేనేళ్లలో యజమాని రెండుసార్లు మారినా, సంచి మీది పేరు మాత్రం మారలేదు. పేరు చూసి కొన్నవాళ్లకు తాము నమ్మినవాళ్లు మారారన్న సంగతే తెలియనక్కర్లేకుండా పోయింది.

మన దేశంలో ఛత్తీస్‌గఢ్‌లోని రాజ్‌నంద్‌గావ్‌కు చెందిన ఐబీ గ్రూపు తయారుచేసే డ్రూల్స్‌కు కరీనా కపూర్ ప్రచారకర్త అయ్యారు. 2025లో ఆ కంపెనీలో నెస్లే కొంత వాటా తీసుకుంది. పెడిగ్రీ అమ్మే మార్స్ కర్మాగారం మన పక్కనే, సిద్దిపేట జిల్లాలో ఉంది. ఇవి చెడ్డవని నేననడం లేదు, మంచివని కూడా అనడం లేదు. కరీనా ముఖం చూసి ఆ రెండిట్లో ఏదీ అనలేమన్నదే నేను చెప్పేది. ఆ ముఖం వల్ల తెలిసేది ఒక్కటే: కంపెనీ దగ్గర ప్రచారానికి ఖర్చుపెట్టగల డబ్బుంది. డబ్బున్న కంపెనీ ప్రయోగశాలకు కూడా ఖర్చు పెడుతుందేమో, పెట్టవచ్చు. అది విడిగా కనుక్కోవలసిన సంగతి.

ఇక్కడ బలమైన అభ్యంతరం ఒకటి వస్తుంది. పాత సంగటిని ఆకాశానికెత్తుతున్నావు, ఆ తిండి తిన్న ఊరకుక్కలు ఎన్నేళ్లు బతికాయని. న్యాయమైన మాట. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్కల ప్రకారం రాగుల్లో మాంసకృత్తులు 100 గ్రాములకు 7 గ్రాముల చిల్లర, జొన్నల్లో దాదాపు 10. ఎదిగిన కుక్కకు, నీరు తీసేసి లెక్కిస్తే, కనీసం 18 శాతం కావాలనీ, పెరిగే పిల్లకు 22.5 శాతం కావాలనీ అమెరికా పశుదాణా నియంత్రణాధికారుల సంఘం కొలత. అంటే ఒట్టి సంగటి సగం దారి కూడా పోదు. రాగిలో సున్నం మిగతా ధాన్యాల కంటే చాలా ఎక్కువ, 100 గ్రాములకు 340 మిల్లీగ్రాముల పైనే, అయినా కుక్కపిల్లల ఎముకలకు అది చాలదు. మిగతాది ఆ కుక్కలు ఎముకల్లోంచి, ఎలుకల్లోంచి, ఊరవతల చచ్చిన గొడ్డులోంచి తెచ్చుకున్నాయి. తెచ్చుకోలేనివి పోయాయి. పందికోనలో మనకు కనిపించేవి నిలబడ్డవే, నిలబడనివాటి లెక్క ఎవరూ రాయలేదు. కాబట్టి కళ్లముందు వండిందల్లా మంచిదని కాదు. అందులో ఏం తక్కువో పట్టుకోవడం మాత్రం సులువు, ఎందుకంటే ఏముందో తెలుసు.

అలాగని గింజ తిండే తప్పు, కుక్క తోడేలు సంతతి గనుక మాంసమే పెట్టాలి అనే ఎదురు ప్రచారం కూడా నిలవదు. 2013లో ‘నేచర్’లో వచ్చిన పరిశోధన ప్రకారం, పిండిపదార్థాన్ని అరిగించే ఒక జన్యువు తోడేలులో రెండు ప్రతులుంటే కుక్కల్లో చాలా ఎక్కువగా ఉంది. వేల ఏళ్లు మనిషి సంగటి తిన్న గుర్తు దాని ఒంట్లోనే ఉంది. గింజ లేని తిండి గొప్పదని అమ్ముతున్న రోజుల్లోనే, 2018లో, అమెరికా ఆహార ఔషధ సంస్థ అలాంటి తిళ్లకూ కుక్కల గుండెజబ్బుకూ సంబంధముందేమోనని విచారణ మొదలుపెట్టింది. అది ఇదమిత్థమని తేలలేదు. అయినా ఒక నినాదం ఎంత తొందరగా నాణ్యత వేషం కడుతుందో చూడటానికి అది చాలు.

కుక్క ఇష్టంగా తింటోంది కదా, అంతకంటే సాక్ష్యం ఏం కావాలని మరికొందరంటారు. సంగటి రోజుల్లో ఈ సాక్ష్యానికి కొంత విలువ ఉండేది, పులిసి పాడైపోయినదాన్ని కుక్క మూతి తిప్పేసి వదిలేసేది గనుక. 1957లో ప్యూరినా వాళ్లు పిండిని వేడి, ఒత్తిడి పెట్టి పొంగించి గుళికలు చేసే యంత్రంతో కుక్క తిండి తెచ్చాక పద్ధతి మారింది. ఆరిన గుళికల మీద కొవ్వునూ, కాలేయం లాంటివాటి నుంచి తీసిన రుచి ద్రావణాన్నీ చల్లుతారు. వాసన పైపూతది, పోషణ లోపలి పిండిది. కుక్క మెచ్చుకోలు కూడా అలా కొనుక్కోగలిగినదే అయింది.

తారకు చట్టపరమైన బాధ్యత ఉంది కదా అన్నది వీటన్నిటికంటే గట్టి వాదన. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం తప్పుదోవ పట్టించే ప్రకటనలో కనిపించినవారికి 10 లక్షల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా వేయొచ్చు, ఏడాది దాకా, మళ్లీ చేస్తే మూడేళ్ల దాకా ప్రచారం చేయకుండా ఆపొచ్చు. చెప్పేముందు తగినంతగా విచారించుకున్నామని చూపితే శిక్ష లేదు. 2022 జూన్‌లో మార్గదర్శకాలు కూడా వచ్చాయి. ఇది మంచి చట్టమే. కానీ చట్టం పట్టుకోగలిగేది అబద్ధాన్ని. ‘నా బంగారానికి ఇదే పెడతాను’ అన్న మాటలో అబద్ధమేముంది? ఆ తార ఇంట్లో ఒక కుక్క తిని బాగానే ఉండవచ్చు కూడా. ఒక కుక్క సాక్ష్యం కాదు. అమెరికా పశుదాణా నియంత్రణాధికారుల సంఘం పెట్టుకున్న మేపుడు పరీక్షకే కనీసం ఎనిమిది కుక్కలు కావాలి, 26 వారాలు ఆ తిండే పెట్టాలి, ఆరైనా చివరిదాకా నిలవాలి, బరువు, రక్తం పరీక్షించాలి. అదే చాలా చిన్న పరీక్షని పశువైద్యులు విమర్శిస్తారు.

మరి సంచి వెనక అంకెలు నమ్మొచ్చా? కొంతవరకు, చదవడం తెలిస్తే. పొడి తిండి మీద 20 శాతం ముడి మాంసకృత్తులు, 10 శాతం తేమ అని ఉంటే, నీరు తీసేసి చూస్తే 22.2 శాతం. ముద్దగా ఉండే పొట్లం మీద 8 శాతమే అని ఉన్నా, తేమ 80 శాతమైతే అసలు లెక్క 40. ముందు అంకె చూసి పొట్లాన్ని తీసిపారేసేవాడు పొరబడినట్టే. కానీ అంకెకూ ఒక గొయ్యి ఉంది. ప్రయోగశాల మాంసకృత్తులను నేరుగా కొలవదు, నత్రజనిని కొలిచి 6.25తో గుణిస్తుంది. మెలమైన్ అనే రసాయనంలో బరువుకు మూడింట రెండొంతులు నత్రజనే. 2007 మార్చిలో కెనడాకు చెందిన మెనూ ఫుడ్స్ 6 కోట్ల డబ్బాలు, పొట్లాలు వెనక్కి పిలవవలసి వచ్చింది, చైనా నుంచి వచ్చిన గోధుమ జిగురులో మెలమైన్ కలిపినందుకు. కుక్కలూ పిల్లులూ మూత్రపిండాలు చెడి చచ్చాయి. అప్పుడే జనానికి ఇంకొకటి తెలిసింది: ఖరీదైన పేర్లూ చౌక పేర్లూ పదుల కొద్దీ ఆ ఒక్క కంపెనీ కర్మాగారాల్లోంచే వస్తున్నాయని. కాబట్టి పేరు తర్వాత అంకె చూడాలి, అంకె తర్వాత కర్మాగారం ఎవరిదో, వంటకం రాసిన పోషణ నిపుణులెవరో, ప్రతి విడత సరుకునీ పరీక్షిస్తారో లేదో అడగాలి. కంపెనీకి ఫోన్ చేసి అడిగితే జవాబు ఇచ్చేదాన్ని, బొమ్మ చూపించి ఊరుకునేదాన్ని ఒకే గాటన కట్టలేం.

ఈ అడగడం మన కొనుగోలుదారు మీదే ఎక్కువ పడుతోంది, ఎందుకంటే రాజ్యం పక్కకు తప్పుకుంది. 2006 ఆహార భద్రతా చట్టం మనుషుల తిండికే పరిమితం, పశువుల దాణాను నిర్వచనంలోనే తీసేసింది. భారతీయ ప్రమాణాల సంస్థ కుక్కలు, పిల్లుల తిండికి ఐఎస్ 11968 అనే ప్రమాణం రాసి 2019లో సవరించింది గానీ, దాన్ని పాటించడం తయారీదారు ఇష్టం. ఈ ఖాళీలోనే తార ముఖానికి అంత గిరాకీ. ఇక చిన్న పట్టణాల అంగళ్లలో పెద్ద సంచి విప్పి కిలో, అరకిలో లెక్కన తూచి ఇవ్వడం మామూలు. సంచి విప్పిన నాటి నుంచి గాలి తగిలి కొవ్వు ముక్కిపోవడం మొదలవుతుంది. కొనేవాడి చేతికి వచ్చే తెల్ల కవరు మీద పదార్థాల చిట్టా ఉండదు, విడత సంఖ్య ఉండదు, తయారైన తేదీ ఉండదు. అంగడి గోడ మీది బొమ్మ మాత్రం ఉంటుంది.