సీమచింత, సర్కారుతుమ్మ: రెండు సీమ చెట్ల కథ

పొదిలికీ మార్కాపురానికీ మధ్యనున్న కొనకనమిట్ల లాంటి మెట్ట ఊళ్ళలో ఎండాకాలం వచ్చిందని చెప్పేది క్యాలెండరు కాదు, సీమచింత చెట్టు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో కాయ మెలికలు తిరిగి ఎర్రబడుతుంది. పొడవాటి కర్రకి కొక్కెం కట్టి, ముళ్ళు తప్పించుకుంటూ కొమ్మ వంచి కోసుకోవాలి. తొక్క విప్పితే తెల్లగానో గులాబీ రంగులోనో గుజ్జు, లోపల నల్లటి గింజలు. కొంచెం తీపి, కొంచెం వగరు. ఆశపడి ఎక్కువ తింటే గొంతు పట్టేస్తుంది. ఇంతకంటే లోకల్ పండు ఇంకేముంటుంది అనిపిస్తుంది కదా?

అసలు సంగతి పేరులోనే ఉంది. 'సీమ' అంటే పరదేశం. ఈ చెట్టు పుట్టిల్లు మెక్సికో, మధ్య అమెరికా. 1565 నుంచి 1815 దాకా స్పెయిన్ వాళ్ళ ఓడలు మెక్సికోలోని అకపుల్కోకీ ఫిలిప్పీన్స్‌లోని మనీలాకీ మధ్య తిరిగేవి. సీమచింత స్పెయిన్ వాళ్ళతో పసిఫిక్ దాటి మనీలా చేరింది, అక్కణ్ణుంచి మన వైపుకొచ్చింది. ఇంగ్లీషులో దీన్ని మనీలా టామరిండ్ అనడం అందుకే. సామర్లకోటలో ఉండి మన మొక్కల్ని పరిశీలించిన విలియం రాక్స్‌బర్గ్, 18వ శతాబ్దం చివర్లో కోరమాండల్ తీరపు మొక్కల మీద వేసిన పుస్తకంలో దీన్నీ చేర్చాడు. అంటే అప్పటికే ఇక్కడ స్థిరపడిపోయిందన్నమాట, వీసా స్టాంపింగ్ గొడవేమీ లేకుండా!

దీన్ని ఎవరూ తోటల్లో పెంచలేదు. చేను చుట్టూ కంచెగా నాటారు. చిలకలు తిని గింజలు పడేసిన చోటల్లా మొలిచింది. నీళ్ళు పోయక్కర్లేదు, కాపలా అక్కర్లేదు, డబ్బులిచ్చి కొనక్కర్లేదు.

ఇప్పుడు రెండో చెట్టు సంగతి. 1876-78లో మద్రాసు రాజధానిని మహా కరువు కుదిపేసింది. మనవాళ్ళు ధాత కరువు అంటారు. బాగా దెబ్బతిన్న జిల్లాల్లో కర్నూలు ఒకటి. మార్కాపురం అప్పట్లో ఆ జిల్లాలోదే, 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడే వరకూ. సరిగ్గా ఆ కరువు రోజుల్లోనే, వంటచెరకు కోసమనీ మెట్ట భూముల్లో పచ్చదనం కోసమనీ అమెరికా ఖండపు చెట్టు ఇంకోటి తెప్పించి, పక్కనే కడప జిల్లా కమలాపురంలో నాటారు. అదే సర్కారుతుమ్మ. మన చిల్లచెట్టు.

ఉద్దేశం మంచిదే. కానీ ఇది టెస్టింగ్ లేకుండా ప్రొడక్షన్‌లోకి తోసిన ప్యాచ్ లాంటిది, రోల్‌బ్యాక్ లేదు. మేకలు, పశువులు దీని కాయలు తింటాయి, పేడలో గింజలు మొలుస్తాయి. ఆకు మాత్రం ముట్టవు. నరికితే మొదలు నుంచి నాలుగు కొమ్మలు లేస్తాయి. దాని కింద ఇంకో మొక్క బతకడం కష్టం. నిజమే, కట్టెలకీ బొగ్గుకీ పనికొచ్చి ఎంతోమంది పేదల పొయ్యి వెలిగించింది. కానీ చెరువు గట్లూ పోరంబోకులూ అది ఆక్రమించాక, అక్కడ ఊరందరికీ చెందిన పండ్ల చెట్లకి చోటెక్కడిది?

రెండూ విదేశీ చెట్లే. ఒకటి ఊరిదైంది, ఇంకోటి ఊరినే తనది చేసుకుంది. కాబట్టి లోకల్ అంటే ఎక్కడ పుట్టిందన్నది కాదు, దారిన పోయే పిల్లాడు చెయ్యి చాపి కోసుకోగలడా లేదా అన్నది అని నా అభిప్రాయం.

పైనున్న నల్లమల సంగతే చూడండి. తునికి, మొర్రి పళ్ళు పుట్టుకతోనే అక్కడివి. అయినా 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చాక, రిజర్వు చేసిన అడవిలోంచి ఏది తెచ్చుకోవాలన్నా అనుమతి కావాల్సొచ్చింది. తరతరాలుగా ఏరుకు తిన్న చెంచులు ఆ హక్కు కాగితం మీద చూడ్డానికి 2006 అటవీ హక్కుల చట్టం దాకా ఆగాల్సొచ్చింది.

ఇటు మెట్టలో బోర్లు పడ్డాక బత్తాయి తోటలొచ్చాయి. మంచి పంటే, కాదనను. కానీ బత్తాయి కంచె లోపలి పండు, లారీ ఎక్కి పట్నం పోయే పండు. బోరు ఎండితే తోటా ఎండుతుంది, రైతు ట్యాంకరు నీళ్ళకి అప్పు చెయ్యాలి. సీమచింత కంచె మీది పండు. ఇప్పుడు కంచె అంటే రాతి స్తంభాలూ ఇనప తీగే, ఆ తీగకి కాయలు కాయవు.

మనలో చాలామందికి జీతాలొచ్చాక ఊరికి ఏదో ఒకటి చెయ్యాలనిపిస్తుంది. ఆర్చీ కట్టిస్తాం, మన పేరు చెక్కిస్తాం. ఈసారి ఊరెళ్ళినప్పుడు బడి ప్రహరీ పక్కన చిల్లచెట్లు వేళ్ళతో సహా తీయించి, నాలుగు సీమచింత గింజలు నాటిస్తే ఎలా ఉంటుందంటారు? మొలిచిన మొదటేడు మేకల నుంచి కాపాడితే చాలు. ఎవరి పేరూ చెక్కక్కర్లేదు.